ముందు నీళ్ల కలకేమిటో కనుక్కోండి

శనివారం ట్యాంకు కొంటారు. ఆదివారం ఉప్పు కలుపుతారు. సోమవారం క్లౌన్ చేపల ధర కనుక్కుంటారు. మంగళవారానికి నీళ్లు పాలలా తెల్లబడతాయి. బుధవారం నీళ్లన్నీ తోడి పారబోసి, రాళ్లను కొళాయి కింద పెట్టి తోమి, మళ్లీ మొదటికొస్తారు. ఉప్పునీటి రీఫ్ ట్యాంకు పెట్టినవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఆ బుధవారమే. చేతకాక కాదు, చేతులు ఊరుకోక.

తేడా కనబడగానే ఏదో ఒకటి చేసెయ్యాలన్న ఆత్రాన్ని మనం చురుకుదనం అని మెచ్చుకుంటాం. ఆ ఆత్రంలో చేసిన పనివల్ల తగ్గేది మన కంగారే. సమస్య మాత్రం అక్కడే ఉంటుంది. పదో తరగతి పిల్లకు మార్కులు తగ్గితే ట్యూషన్ మార్చేస్తాం. కళ్లజోడు కావాలేమో చూడం.

తెల్లనివన్నీ పాలు కానట్టే, తెల్లబడ్డ నీళ్లన్నిటికీ జబ్బు ఒకటే కాదు. ఒక గాజుగ్లాసుతో నీళ్లు ముంచి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి అడుగున సన్నటి పొడి చేరి పైన తేటగా ఉంటే అది చాలావరకు ఇసుక దుమ్ము. ఇసుక సరిగ్గా కడక్కుండా పోశారన్నమాట. ఫిల్టర్‌లో దూది మారుస్తూ ఉంటే పోతుంది. హీటరు మీద, పంపు మీద కూడా సున్నంలాంటి పొర పట్టిందా? అయితే ఉప్పు కలపడంలోనే తేడా జరిగి ఉండొచ్చు. ఉప్పు మీద నీళ్లు పొయ్యకూడదు. పంపు తిరుగుతున్న నీళ్లలో ఉప్పే కొద్దికొద్దిగా వెయ్యాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు, అంటే 200 లీటర్లకు 7 కిలోలు. గ్లాసులో నీళ్లు తెల్లారినా తేరకపోతే అనుమానించాల్సింది బ్యాక్టీరియాను.

అసలు కథ ఇక్కడే ఉంది. కొత్త ట్యాంకులో కుళ్లే పదార్థాన్ని తిని బతికే బ్యాక్టీరియా గంటలోపే రెట్టింపు కాగలవు. నీళ్లను తెల్లబరిచేవి అవే. మనకు కావలసినవి వేరు: అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేవి. 1890 ప్రాంతంలో విన్‌గ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త వేరుచేసి చూపించింది ఈ రకాన్నే. ఇవి మందకొడివి. రెట్టింపు కావడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైనే తీసుకుంటాయి. ఎక్కువగా రాళ్లకూ ఇసుకకూ అతుక్కుని ఉంటాయి. క్లోరిన్ ఉన్న కొళాయి నీళ్లతో రాళ్లు తోమితే పోయేది ఇవే. తెల్లదనం మాత్రం మళ్లీ వస్తుంది.

మరి చెయ్యాల్సిందేమిటి? పంపు మూతి పైకి తిప్పండి, నీటి పైభాగం అలలాడాలి. ఈ బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను తెగ లాగేస్తాయి కాబట్టి గాలి ఆడటం ముఖ్యం. వ్యర్థాన్ని నురగగా తీసే స్కిమ్మర్ ఉంటే నడవనివ్వండి. మేత వెయ్యకండి. తినడానికి లేకపోతే ఆ తెల్లదనం కొద్దిరోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఆత్రపడి చేపలు ముందే వేసేసి ఉంటే మాత్రం ఈ ఓపిక పనికిరాదు. సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది, అక్కడ అమోనియా విషం ఇంకా ఎక్కువ. పరీక్ష కిట్‌లో అమోనియా కనబడితే అప్పటికప్పుడు నీళ్లు మార్చాల్సిందే.

ఓపిక పట్టమని అందరూ చెబుతారు, ఎంతవరకో ఎవరూ చెప్పరు. ఇక్కడ దానికి లెక్క ఉంది. చేపలు లేని ట్యాంకులో 2 పీపీఎం అయ్యేంత అమోనియా వేసి, రోజు మార్చి రోజు పరీక్షించి ఒక నోట్‌బుక్కులో రాయండి. అమోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది, తర్వాత అదీ దిగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టడం మామూలే. నీళ్లు అద్దంలా తేరాయని ముందే సంబరపడకండి, అమోనియా కంటికి కనబడదు. ఈలోగా ఆవిరైపోయిన నీళ్లకు బదులు ఆర్‌వో మంచినీళ్లే పొయ్యండి. ఉప్పు ఆవిరి కాదు కదా.

విదేశీ వీడియోలు చూసి సముద్రపు రాయి వేస్తే పని త్వరగా అవుతుందనుకుంటారు. ఆ రాయి చాలావరకు పగడాలదే, మన దగ్గర రీఫ్ కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన తీరంలోంచి తీసిన రాయిని గుట్టుగా అమ్ముతామంటే వద్దనండి. ఎండు రాయి, సీసాలో అమ్మే బ్యాక్టీరియా చాలు.

మళ్లీ 2 పీపీఎం అమోనియా వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాయా? అప్పుడు నీళ్లు సగానికి పైగా మార్చి, ఒక జత చేపలతో మొదలుపెట్టండి. గుంపంతా ఒకేసారి తెస్తే అంత వ్యర్థాన్ని ఈ బ్యాక్టీరియా తట్టుకోలేవు. తర్వాత ఇసుక మీద, గాజు మీద గోధుమరంగు పాచి కడుతుంది. అవి డయాటమ్‌లు, చాలా కొత్త ట్యాంకుల్లో వచ్చేవే. నీళ్లలో సిలికా తరిగేకొద్దీ అవీ తగ్గుతాయి. అందాకా గాజు తుడుచుకుంటే సరిపోతుంది.