ఇంగల్స్ వారి బండి: ఒక అమెరికన్ వలస కుటుంబం కథ

అమెరికాలో చదివే మన పిల్లల చేతికి మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన ‘లిటిల్ హౌస్’ పుస్తకాలు వస్తాయి. మన తరం తల్లిదండ్రులకు ఆ పేరు కొత్త. పిల్లలు వచ్చి అడిగితే “ఏదో పాతకాలం కథ, చదువుకో” అని తప్పించుకుంటాము. ఈ ఏడాది పెద్ద తరగతిలో ‘వలస’ అన్న పాఠానికి మేము ఈ కుటుంబాన్నే ఎంచుకున్నాము. పుస్తకంలో ఉన్న కథ కన్నా పుస్తకంలో లేని కథ ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. ఆ పాఠాన్నే ఇక్కడ కొంచెం పెంచి రాస్తున్నాము.

కథానాయకుడు లారా తండ్రి చార్లెస్ ఇంగల్స్. 1836 జనవరి 10న న్యూయార్క్ రాష్ట్రంలోని క్యూబా అనే ఊళ్లో పుట్టాడు. చిన్నతనంలోనే వాళ్ల కుటుంబం ఇల్లినాయ్ మీదుగా విస్కాన్సిన్ చేరింది. 1860 ఫిబ్రవరి 1న కేరొలైన్ క్వైనర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె పెళ్లికి ముందు బడిపంతులమ్మ. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే తండ్రి మిషిగన్ సరస్సులో ఓడ మునిగి చనిపోయాడు.

ఇక్కడ మన తెలుగు తరగతికి పనికొచ్చే విషయం ఒకటి దొరికింది. చార్లెస్ చెల్లెలు పాలీని కేరొలైన్ అన్న హెన్రీ చేసుకున్నాడు. చార్లెస్ అన్న పీటర్, కేరొలైన్ చెల్లెలు ఎలైజాను చేసుకున్నాడు. మన ఊళ్లలో అయితే కుండమార్పిడి సంబంధాలు అంటారు. ఇప్పుడు చెప్పండి పిల్లలూ, హెన్రీ పిల్లలూ పీటర్ పిల్లలూ లారాకు ఏమవుతారు? ఇంగ్లీషులో అందరూ ‘కజిన్స్’, అంతటితో సరి. తెలుగులో అలా కుదరదు. హెన్రీ మేనమామ, పాలీ మేనత్త, కాబట్టి వాళ్ల పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు. పీటర్ పిల్లలు మాత్రం ఎటునుంచి చూసినా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. మరి ఎలైజా? పెదనాన్న భార్యగా పెద్దమ్మ, అమ్మ చెల్లెలుగా పిన్ని! ఈ ఒక్క ప్రశ్న మీద మా తరగతిలో అరగంట గొడవ జరిగింది, ఇంకా తేలలేదు.

పెద్దమ్మాయి మేరీ 1865లో, లారా 1867 ఫిబ్రవరి 7న విస్కాన్సిన్‌లోని పెపిన్ దగ్గర పుట్టారు. లారాకు రెండేళ్ల వయసులో, 1869లో, చార్లెస్ బండి కట్టి కాన్సాస్ వెళ్లాడు. కారణం భూమి.

ఆ భూమి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1862 మే 20న అధ్యక్షుడు లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం చేశాడు. 21 ఏళ్లు నిండినవాళ్లు గానీ కుటుంబ యజమానులు గానీ 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక చదరపు మైలు అంటే 640 ఎకరాలు, అందులో నాలుగో వంతు. సర్వేవాళ్లు దేశాన్ని గళ్లనోటు పుస్తకంలా గీసేశారు. విమానంలో కాన్సాస్, నెబ్రాస్కా మీదుగా వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూస్తే ఆ గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఐదేళ్లు అక్కడే కాపురముండి, ఇల్లు కట్టి, సేద్యం చేస్తే భూమి సొంతం. రుసుములన్నీ కలిపి 18 డాలర్ల దాకా. చివర్లో చేతికొచ్చే ‘పేటెంట్’ కాగితం మన పట్టా లాంటిదే. ఈ చట్టం కింద మొత్తం సుమారు 16 లక్షల మందికి 27 కోట్ల ఎకరాలు ఇచ్చారని లెక్క. పౌరసత్వం తీసుకుంటామని డిక్లరేషన్ ఇచ్చిన వలసదారులకు కూడా ఆ హక్కు ఉండేది. నార్వే నుంచీ జర్మనీ నుంచీ వచ్చినవాళ్లు అలాగే రైతులయ్యారు. భారతీయులకు మాత్రం ఆ దారి తెరుచుకోలేదు. మనవాళ్లు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. చట్టం మారేసరికి 1946 అయింది.

అయితే చార్లెస్ కాన్సాస్‌లో దిగిన చోటు హోమ్‌స్టెడ్ భూమి కాదు. ఒసేజ్ తెగవాళ్లకు ఒప్పందం ప్రకారం మిగిల్చిన భూమి అది. అక్కడ ఇల్లు కట్టే హక్కు ఆయనకు లేదు. ఆయనకే కాదు, ఆ ఏడాది అక్కడికి చేరిన వందలమందికీ లేదు. త్వరలో ప్రభుత్వం ఒసేజ్‌లను పంపించేస్తుంది, ముందుగా వెళ్లి కూర్చున్నవాళ్లదే మంచి భూమి అన్నది అందరి లెక్క. మన భాషలో దీన్ని ఆక్రమణ అంటాము. ఆ లెక్కే నిజమయింది. 1870లో కాంగ్రెస్ చట్టం చేసింది, ఒసేజ్‌లు భూమి వదిలి ఇప్పటి ఓక్లహోమాకు తరలిపోయారు. వాళ్ల భూమికి కట్టిన ధర ఎకరానికి డాలరుంపావు.

పుస్తకంలో ఇది వేరే రకంగా ఉంటుంది. ఒసేజ్‌లు భయపెట్టే మనుషులుగా, వచ్చి పొగాకూ ఆహారమూ పట్టుకుపోయేవాళ్లుగా కనిపిస్తారు. తమ నేల మీద ఇల్లు కట్టుకున్నవాడి దగ్గర నాలుగు రొట్టెలు తీసుకోవడం దొంగతనమా, అద్దె వసూలా అని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. మేము జవాబు చెప్పలేదు, ఆమె ప్రశ్నలోనే ఉంది. ఇలాంటి వర్ణనల వల్లనే 1954 నుంచి లారా పేరు మీద ఉన్న బాలసాహిత్య పురస్కారానికి అమెరికా గ్రంథాలయ సంఘంవారి విభాగం 2018లో పేరు మార్చింది. పుస్తకాలను ఆ సంఘం నిషేధించలేదు. నిషేధించకూడదనే మా అభిప్రాయం, కానీ పక్కన ఒక పెద్దవాళ్లు కూర్చుని చదివించాలి.

అక్కడే కుటుంబమంతా మలేరియాతో పడిపోతే వైద్యం చేసిన డాక్టర్ జార్జ్ టాన్ నల్లజాతి మనిషి. మూడో అమ్మాయి కేరీ 1870 ఆగస్టులో ఆ ఇంట్లోనే పుట్టింది. 1871లో విస్కాన్సిన్ ఇల్లు కొన్నవాడు డబ్బు కట్టలేకపోవడంతో బండి మళ్లీ వెనక్కి తిరిగింది.

1874లో మిన్నెసోటాలోని వాల్‌నట్ గ్రోవ్. ఏటి ఒడ్డు తవ్వి చేసిన మట్టి ఇంట్లో కాపురం. గోధుమ పంట ఏపుగా వచ్చింది, దాని మీద మిడతల దండు దిగింది. 1873 నుంచి 1877 దాకా ఆ ప్రాంతమంతా ఇదే గోస. చార్లెస్ తూర్పు వైపు నడిచి వెళ్లి వేరేవాళ్ల పొలాల్లో కోత కూలి చేసి ఇంటికి డబ్బు పంపాడు. 1875 చివర్లో తన దగ్గర ఏమీ లేదని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి, ప్రభుత్వం ఇచ్చిన రెండు అర పీపాల పిండి తెచ్చుకున్నాడు. దాని విలువ ఐదు డాలర్ల పావు. ఎవరి సాయమూ అక్కర్లేని మనిషిగా తండ్రిని చూపించిన లారా పుస్తకాల్లో ఈ సంతకం లేదు. తండ్రి పరువు కాపాడుకుంది అనుకుంటాము. కరువు పనులకు వెళ్లిన సంగతి చెప్పుకోని ఇళ్లు మనవైపు ఎన్ని లేవు!

పుస్తకాల్లో లేనిది ఇంకొకటి ఉంది. 1875 నవంబరులో కొడుకు పుట్టాడు, పేరు చార్లెస్ ఫ్రెడరిక్, ముద్దుగా ఫ్రెడీ. పది నెలలైనా నిండకుండా 1876 ఆగస్టు 27న పోయాడు. ఆ తరువాత అయోవాలోని బర్ ఓక్‌లో ఒక హోటలు నడపడానికి సాయంగా వెళ్లారు. చివరి అమ్మాయి గ్రేస్ 1877లో అక్కడ పుట్టింది. అప్పు తీరక, ఇంటి యజమాని గడువు ఇవ్వక, చీకట్లో బండి కట్టి వెళ్లిపోయామని లారా తన స్వీయచరిత్రలో రాసుకుంది. ఆమె బతికుండగా అచ్చుకాని ఆ రచన 2014లో వివరణలతో పుస్తకంగా వచ్చింది.

1879లో పద్నాలుగేళ్ల మేరీకి చూపు పోయింది. పుస్తకంలో స్కార్లెట్ జ్వరం అని ఉంటుంది. మెదడుకు సోకిన వైరస్ జబ్బు కావచ్చునని 2013లో వైద్యులు ఒక పరిశోధన వ్యాసంలో తేల్చారు. ఆ ఏడాదే చార్లెస్‌కు రైలుమార్గం వేసే కంపెనీలో లెక్కలు రాసే పని దొరికి డకోటా చేరారు. 1880 ఫిబ్రవరిలో డి స్మెట్ దగ్గర 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టాడు. ఆ అక్టోబరులోనే మంచు తుఫానులు మొదలయ్యాయి. జనవరి మొదటి రోజుల నుంచి మే దాకా ఊరికి రైలు రాలేదు. బొగ్గు అయిపోతే ఎండుగడ్డిని మెలితిప్పి కట్టెల్లా కాల్చారు. పిండి అయిపోతే గోధుమల్ని కాఫీ మరలో విసిరారు. చిన్న మర, పెద్ద సంసారం, రోజంతా ఒకరి తరువాత ఒకరు తిప్పడమే పని.

ఇక పడమటికి పోనని చార్లెస్ భార్యకు మాట ఇచ్చాడట. ఆడపిల్లల చదువు దగ్గర కేరొలైన్ రాజీ పడలేదు. మేరీ 1881లో అయోవాలోని అంధుల కళాశాలలో చేరి 1889లో పట్టభద్రురాలైంది. తరువాత గుర్రాలకు ఈగల వలలు అల్లి నాలుగు డబ్బులు సంపాదించేది. లారా చిన్న వయసులోనే బడిపంతులమ్మగా చేరింది. 1886లో భూమి పట్టా వచ్చింది, ఏడాదికే కుటుంబం ఊళ్లోకి మారిపోయింది. ఇరవై ఏళ్లు తిరిగి సంపాదించుకున్న పొలంలో ఆయన స్థిరంగా ఉన్నది కొద్దికాలమే. 1902 జూన్ 8న చనిపోయాడు. చిత్రమేమిటంటే, ఆయన పంట తిన్న ఆ జాతి మిడత ప్రాణంతో చివరిసారి కనిపించింది కూడా 1902లోనే.

నలుగురు కూతుళ్లలో పెరిగి పెద్దయిన సంతానం ఉన్నది లారాకే, ఒక్కగానొక్క కూతురు రోజ్. రోజ్ 1968లో పోవడంతో చార్లెస్ వంశం ఆగింది. ఆయన ఫిడేలు మాత్రం మిజోరీలోని మాన్స్‌ఫీల్డ్‌లో లారా ఇంటి మ్యూజియంలో ఉంది.

వేసవిలో కారు తీసేవాళ్లకు ఒక మాట. సౌత్ డకోటాలోని డి స్మెట్‌లో ఆయన కట్టిన ఇల్లు చూడవచ్చు. అలాగే ఓక్లహోమాలోని పహస్కాలో ఒసేజ్‌ల సొంత మ్యూజియం 1938 నుంచి నడుస్తోంది. రెండూ చూపించి, పిల్లలు ఇంటికి వచ్చాక మీ తాతగారి ఊరి నుంచి ఇప్పటి ఇంటి దాకా మీ కుటుంబం మారిన ఊళ్లన్నీ ఒక పటం మీద గుర్తు పెట్టమనండి. ప్రతి ఊరి పక్కనా ఎందుకు వదిలారో ఒక వాక్యం తెలుగులో రాయాలి. ఎలైజా పెద్దమ్మా పిన్నా అన్నదానికి జవాబు తెలిసిన బామ్మలు, అమ్మమ్మలు ఉంటే దయచేసి తరగతికి కబురు పెట్టగలరు.