యూదుల శుక్రవారపు రొట్టె

వేదపాఠముల గంటలో పులిసిన పిండిని పాపమునకు గుఱుతుగా పలుమాఱు వినుటచేత, యూదులు పొంగిన రొట్టెను ముట్టనే ముట్టరని మనలో ననేకులు తలంచుచున్నారు. అది సరికాదు. పస్కా పండుగ దినములలో మాత్రమే వారికట్టి నిషేధము కలదు. తక్కిన కాలమంతయు, విశేషించి శుక్రవారము రాత్రి కుటుంబమంతయు గూడి భుజించునపుడు, బాగుగా పొంగి, మెత్తనై, జడవలె పేనబడిన రొట్టె వారి బల్లమీద నుండవలసినదే. దీనిని హల్లా యందురు. మొదటి యక్షరమును గొంతులోనుండి గట్టిగా పలుకవలెను.

ఈ పేరు రొట్టెకంటె మిక్కిలి పాతది. సంఖ్యాకాండము 15వ అధ్యాయమున, పిండి కలిపినపుడు మొదటి ముద్దను దేవునికి ప్రతిష్ఠింపవలెనను విధి యున్నది. ఆ ముద్దకే హల్లా యని పేరు. అది పూర్వము యాజకులకు చెందెడిది. క్రీ. శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయమును పాడుచేసిరి. నేడు ఆ ముద్దను నిప్పులో కాల్చివేయుదురు, ఎవరును తినరు. ఒలీవ పండంత తీసిన చాలును. కొంచెము పిండికి ఈ విధి లేదు. సుమారు 1,200 గ్రాములకు తక్కువైన ముద్ద తీయ నక్కఱలేదు. స్తోత్రము చెప్పి తీయుటకు సుమారు 1,700 గ్రాములైన నుండవలెనని పలువురు పండితుల మతము. అందుచే చిన్న సంసారము గల గృహిణులు సైతము ఈ విధిని నెరవేర్పగోరి ఒక్కొక్కసారి పెద్దమొత్తమున కలిపి, మిగిలిన రొట్టెలను ఇరుగుపొరుగులకు పంచిపెట్టుదురు.

జడ రొట్టె మాత్రము అంత ప్రాచీనమైనది కాదు. సబ్బాతు రొట్టెకు హల్లా యను పేరు 15వ శతాబ్దమున ఆస్ట్రియా దేశపు వ్రాతలలో కనబడుచున్నది. మధ్యయూరపు యూదులు తమ పొరుగువారి పండుగ రొట్టెలను జూచి ఈ రూపమును గైకొనిరని చెప్పుదురు. కాబట్టి ప్రభువు దినములలో నజరేతు ఇండ్లయందు జడ రొట్టె యుండెనని చిత్రించుట తగదు. నాటి పేదల రొట్టె చాలవఱకు యవలది. యోహాను సువార్తలోని బాలుని చేతి రొట్టెలు అట్టివే.

ఇక చేయు విధము. రెండు రొట్టెలకు మైదాపిండి 500 గ్రాములు, గోరువెచ్చని నీరు 160 మిల్లీలీటర్లు, గ్రుడ్లు 2, నూనె 60 మిల్లీలీటర్లు, చక్కెర 60 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఎండు ఈస్టు 7 గ్రాములు కావలెను. పైపూతకు మఱియొక గ్రుడ్డు. ఒక్కొక్క గ్రుడ్డును వేఱు గిన్నెలో పగులగొట్టి చూతురు. రక్తపుచుక్క కనబడినచో పాఱవేయుదురు. వెన్నయు పాలును చేర్పరు. మాంసముతో పాలను కలిపి తినరాదని వారి ధర్మశాస్త్రము. శుక్రవారపు భోజనమున సాధారణముగా మాంసముండును గదా!

ఈస్టు ప్రాణముగల సూక్ష్మవస్తువు. అది చక్కెరను భక్షించి బొగ్గుపులుసు వాయువును విడుచును. గోధుమపిండిలోని జిగట పదార్థము ఆ వాయువును బుడగలుగా పట్టి యుంచుటచే ముద్ద పొంగును. నీరు మఱుగుచున్నచో ఈస్టు చచ్చును, చన్నీరైనచో మందగించును. ఉప్పును నేరుగా ఈస్టుమీద వేయరాదు. ముద్ద నున్నగా సాగువఱకు పది నిమిషములు గట్టిగా పిసుకవలెను. చేతికంటుచున్నదని పిండి మీద పిండి చల్లుట చెడ్డ అలవాటు. రొట్టె గట్టిపడుటకు అదియే మొదటి కారణము. పిదప తడిగుడ్డ కప్పి రెండింతలగువఱకు, అనగా సుమారు రెండు గంటలు, ఉంచవలెను. మన వేసవిలో అంత కాలము పట్టదు. గడియారమునుగాక ముద్దను జూడవలెను.

తరువాత ముద్దను రెండుగా విభజించి, ఒక్కొక్క సగమును మూడు పాయలు చేసి, జడవలె అల్లవలెను. ఇందు మన బాలికలకు గురువక్కఱలేదు. కాని బిగించి అల్లరాదు. పొంగుటకు చోటు లేనిచో రొట్టె ప్రక్కల బీటలు వాఱును. నేర్పుగలవారు ఆఱు పాయలతో అల్లుదురు. రెండు రొట్టెలకు కలిపి పండ్రెండు పాయలగుటచే, అవి లేవీయకాండములోని పండ్రెండు సన్నిధి రొట్టెలను జ్ఞప్తికి దెచ్చునందురు. మఱల ముప్పావు గంట పొంగనిచ్చి, గ్రుడ్డుసొన పూసి, నువ్వులో గసగసాలో చల్లి, 180 డిగ్రీల వేడిగల ఓవెనులో అరగంట కాల్చవలెను. అడుగున తట్టినచో బోలుగా మ్రోగవలెను.

ఈ పనియంతయు సూర్యాస్తమయమునకు ముందే ముగియవలెను. విశ్రాంతిదినమున నిప్పు రాజేయరాదు. అనేక స్థలములలో అస్తమయమునకు 18 నిమిషములు ముందును, యెరూషలేమున 40 నిమిషములు ముందును ఇంటి యిల్లాలు దీపములు వెలిగించును. డిసెంబరులో అచ్చట సూర్యుడు 5 గంటలలోపే అస్తమించును గనుక, ఉదయము 11 గంటలకైన పిండి కలిపి తీరవలెను. ఆలస్యమైనచో ఎంత మంచి పిండియైనను ఆ రాత్రికి పనికిరాదు.

దీపములు వెలిగిన పిదప తండ్రి బిడ్డల తలలమీద చేతులుంచి దీవించును. కుమారులను ఎఫ్రాయీము మనష్షేలవలెను, కుమార్తెలను శారా, రిబ్కా, రాహేలు, లేయాలవలెను ఉండుమని దీవించుట ఆచారము. ద్రాక్షారసముతో స్తోత్రము చేయునంతసేపు రొట్టెలపై గుడ్డ కప్పియుండును. మన్నాకు క్రిందను మీదను మంచుండినందున దానికి గుఱుతని కొందఱు చెప్పుదురు. ముందుగా ద్రాక్షారసమునకు స్తోత్రము చేయుట చూచి రొట్టె సిగ్గుపడకుండుటకని మఱికొందఱు. నాకు రెండవదే యిష్టము. పిమ్మట చేతులు కడుగుకొని, మౌనముగా కూర్చుండి, రొట్టెను విఱిచి ఉప్పులో అద్ది పంచుదురు.

రొట్టెలు రెండుండుటకు కారణము నిర్గమకాండము 16వ అధ్యాయములో నున్నది. ఆఱవ దినమున మన్నా రెండంతలు కురిసెను. మఱునాటి పగటి భోజనమునకును రెండు రొట్టెలు కావలెను. శనివారము కాల్చుట కూడదు గనుక, ఆ నాలుగింటిని శుక్రవారము పగలే కాల్చి సిద్ధపఱతురు.