బిడ్డ గదికి రంగులు వేసే ముందు

"సిస్టరమ్మా, పోరడు గోడ పెచ్చులు నోట్ల పెట్టుకుంటుండు. ఏమన్న అయితదా?" అని దేవరకొండ వైపు నుండి వచ్చిన ఒక తల్లి మమ్మల్ని అడిగింది. బాబుకు ఏడాదిన్నర. ఆకలి లేదని, కడుపునొప్పితో ఏడుస్తున్నాడని తీసుకొచ్చారు. పరీక్ష చేస్తే రక్తం తక్కువగా ఉంది. నిదానంగా అడిగితే అసలు సంగతి తెలిసింది. బాబు పడుకునే గదిలో ఒక గోడకు చిలుకలు, పువ్వులు వేయాలని తండ్రి ముచ్చటపడ్డాడు. అందుకోసం పాత రంగును మూడు రోజులు గీకాడు. బాబు ఆ దుమ్ములోనే ఆడుకున్నాడు, అక్కడే పడుకున్నాడు. రక్తాన్ని హైదరాబాదుకు పంపి పరీక్ష చేయిస్తే అందులో సీసం ఎక్కువగా ఉందని తేలింది. "నా చేతులతోని నేనే చేస్తి గదా" అని ఆ తండ్రి కుమిలిపోయాడు.

పండుగ వస్తుందంటే మనం ఇంటికి సున్నమో, రంగులో వేయించుకుంటాము. ఇప్పుడు పిల్లల గదిలో ఒక గోడకు డిజైన్ వేయించడం పల్లెల్లోనూ కనిపిస్తున్నది. ఆ ముచ్చట మంచిదే. అయితే మరో తండ్రి ఇలా కుమిలిపోకూడదని ఈ పాఠం రాస్తున్నాము.

రంగులో సీసం ఎందుకు ఉంది?

మన పెద్దలు గోడకు సున్నం వేసి, అడుగున జాజు పూసేవారు. తర్వాత డబ్బా రంగులు వచ్చాయి. పసుపు, నారింజ, ఎరుపు రంగులు బాగా మెరవడానికి, నూనె రంగు త్వరగా ఆరడానికి వాటిలో సీసం కలిపేవారు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని మన దేశంలో 2016లో నియమం చేశారు. అది 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. కాబట్టి అంతకు ముందు వేసిన నూనె రంగు ఏదైనా సరే, అందులో సీసం ఉందనుకొనే జాగ్రత్త పడాలి.

గోడమీద గట్టిగా అంటుకొని ఉన్న రంగుతో అపాయం తక్కువ. పెచ్చులూడినప్పుడు, గీకినప్పుడు అది దుమ్మై బిడ్డ చేతులకు, అక్కడి నుండి నోటికి చేరుతుంది. మింగిన సీసం పెద్దలకంటే చిన్నపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రక్తహీనత ఉన్న బిడ్డకు ఇంకా ఎక్కువ పడుతుంది. మన ప్రాంతంలో మట్టి, బలపాలు తినే పిల్లలను చూస్తూనే ఉంటాము. వారి విషయంలో మరింత కనిపెట్టి ఉండాలి.

సీసం వల్ల రక్తం తగ్గుతుంది, కడుపునొప్పి, మలబద్ధకం, చిరాకు వస్తాయి. మెదడు ఎదుగుదల దెబ్బతిని చదువులో వెనుకబడతారు. చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనిపించదు. ఇంతవరకైతే ఫరవాలేదు అనదగిన మోతాదు లేదు. గర్భిణి ఒంట్లోని సీసం కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

పని ఇలా చేయండి

1. చిన్నపిల్లలను, గర్భిణులను పని ముగిసేవరకు బంధువుల ఇంట్లో ఉంచండి.

2. పాత రంగు గట్టిగా ఉంటే గీకవద్దు. దానిమీదే ప్రైమర్ పూసి కొత్త రంగు వేయవచ్చు. పెచ్చులూడిన చోట మాత్రం నీళ్ళు చల్లి తడిమీదనే గీకండి. పొడిగా ఎమరీ కాగితంతో రుద్దవద్దు, మంటపెట్టి కాల్చవద్దు.

3. నేలమీద ప్లాస్టిక్ పట్టా పరవండి. పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పెచ్చులను సంచిలో మూటకట్టి తీసేయండి. పిల్లలు, కోళ్ళు తిరిగే పెరట్లో పారబోయవద్దు. పనిచేసినవారు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

4. గోడ చెమ్మగా ఉంటే ముందు నీరు దిగే చోటు బాగుచేయించండి. చెమ్మమీద రంగు నిలవదు. బూజు పట్టి ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం ఎక్కువవుతుంది.

5. నీళ్ళతో కలిపే ఎమల్షన్ రంగు కొనండి. డబ్బామీద సీసం గురించి ఏమి రాసి ఉందో చదవండి. లేబుల్ లేకుండా విడిగా అమ్మే రంగు వద్దు.

6. డిజైన్‌కు గొప్ప పనివాడు అక్కరలేదు. పోచంపల్లి చీర ముందు పెట్టుకుంటే చాలు. సుద్ద రాసిన దారంతో గీతలు కొట్టి, అంచులకు టేపు అంటించి, గళ్ళలో రెండు రంగులు నింపండి. పువ్వులకైతే అట్టముక్కలో ఆకారం కోసి దానిమీద అద్దండి. ఎక్స్-రే ఫిల్ములు మాత్రం కోయకండి. డాక్టరుగారు పాతవి చూపమని అడుగుతారు!

7. రెండు మూడు రోజులు కిటికీలు తెరిచి ఉంచండి. వాసన పోయాకే బిడ్డను ఆ గదిలో పడుకోబెట్టండి.

ప్రమాదం జరిగితే

థిన్నర్, టర్పెంటైన్, కిరోసిన్‌లను కూల్‌డ్రింక్ సీసాల్లో ఎప్పుడూ పోయవద్దు. దాహం వేసి పిల్లలు తాగేస్తారు. తాగితే ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు పోసి కక్కించవద్దు. కక్కినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి రండి.

సున్నం కంట్లో పడితే నిమిషం కూడా ఆగవద్దు. రెప్పలు విప్పి పట్టుకొని శుభ్రమైన నీళ్ళు ధారగా అరగంట పోయండి. కన్ను నలపవద్దు. ఆముదం, చనుబాలు వేయవద్దు. నీళ్ళు పోసిన తర్వాతే కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరండి. ముందు బయలుదేరితే దారిలోనే చూపు పోవచ్చు.

ఆ బాబు సంగతి

ఇనుము మందు ఇచ్చాము. రాగిజావ, పాలు, గుడ్డు, ఆకుకూరలు పెట్టమన్నాము. తల్లి రోజూ నేల తడిగుడ్డతో తుడిచింది, తినే ముందు బాబు చేతులు సబ్బుతో కడిగింది. మూడు నెలల తర్వాత పరీక్షలో సీసం తగ్గింది. ఆకలి వచ్చింది. మెదడుకు ఏమైనా నష్టం జరిగిందా అన్నది బడికి వెళ్ళే వయసు వరకు చూస్తూ ఉండాలి. ఆ మాట తల్లిదండ్రులకు దాచకుండా చెప్పాము. ఈసారి తండ్రి రంగు కొనేముందే మా దగ్గరికి వచ్చి అడిగాడు.

మీ ఇంట్లో పెచ్చులూడే గోడ ఉండి, బిడ్డ పాలిపోయి ఉంటే ఓపీలో సిస్టర్లకు చెప్పండి. చదువురాని ఇరుగుపొరుగు తల్లులకు ఈ పాఠం చదివి వినిపించండి.