రెండు కేబుళ్ళు, ఒకే బంధము

రెండు స్విచ్‌లను కలిపే కేబులు మీద రద్దీ పెరిగినప్పుడు, పక్కనే మరొకటి తగిలిస్తే వేగం రెట్టింపు కాదా అని విద్యార్థులు మమ్ములను అడుగుతూ ఉంటారు. సహజమైన ప్రశ్నయే. ప్రయోగ పరీక్షకు ముందురోజు మేము కూడా అట్లే తలచి తగిలించాము. క్షణాలలో స్విచ్‌ల దీపాలన్నీ ఎడతెగక మిణుకుమన్నాయి. ఒక్క కంప్యూటరుకైనా సర్వరు అందలేదు. రెండవ కేబులు ఊడదీసిన తరువాత గాని ప్రాణం కుదుటపడలేదు.

కారణ మేమనగా, ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుఃపరిమితి లేదు. అందరికీ ఉద్దేశించిన ఫ్రేము ఒక కేబులులో వెళ్ళి మరొక దానిలో తిరిగివచ్చి అంతులేకుండా పరిభ్రమిస్తుంది. దీనికి 1985లో రేడియా పెర్ల్‌మన్ కనుగొన్న విరుగుడు స్పానింగ్ ట్రీ. మా స్విచ్‌లలో అది పనిచేయడం లేదు. పనిచేసినా రెండవ దారిని మూసివేసేదే కాని, వేగం పెంచేది కాదు.

రెండింటినీ వాడుకొనే ఉపాయమే లింక్ అగ్రిగేషన్. పలు కేబుళ్ళను ఒకే బంధంగా కట్టగా, స్పానింగ్ ట్రీకి అది ఒకే దారిగా కనిపిస్తుంది. 1990ల తొలినాళ్ళలో కల్పన అనే అమెరికా సంస్థ దీనిని ఈథర్‌ఛానెల్ పేరిట రూపొందించింది. 1994లో ఆ సంస్థను సిస్కో కొన్నది. 2000లో ఇది 802.3ఏడీ అనే ప్రమాణమై, 2008లో 802.1ఏఎక్స్‌గా మారింది. సిస్కో వారి భాషలో ట్రంకు అంటే పలు వీలాన్‌లను మోసే పోర్టు. హెచ్‌పీ స్విచ్‌లలో ఈ కేబుళ్ళ కట్టయే ట్రంకు. ఈ పేర్ల తికమక వల్ల పొరపాటుపడినవారు పెక్కుమంది.

అమర్చేటప్పుడు రెండవ కేబులును ముందు ఊడదీసి ఉంచవలెను. రెండు వైపులా కట్టలోని పోర్టుల వేగము, వీలాన్ అమరికలు ఒకే తీరున ఉండవలెను. ఆపైన ఎల్ఏసీపీని ఎంచుకొని, కనీసం ఒక వైపు యాక్టివ్ చేయవలెను. ఇరువైపులా పాసివ్ అయితే ఎవరూ పలకరించరు, కట్ట ఏర్పడదు. ఎల్ఏసీపీ లేకుండా ‘ఆన్’ అని బలవంతంగా కట్టితే ఎదుటి వైపు తప్పు తెలియదు. మా కథ పునరావృత్తం కావచ్చును. ఎల్ఏసీపీ పలకరింపు 30 సెకండ్లకు లేక 1 సెకండుకు ఒకసారి వెళ్తుంది. 90 లేక 3 సెకండ్లు బదులు లేకపోతే ఆ కేబులును కట్టలోనుండి తొలగిస్తుంది.

ఇక వేగం సంగతి. ఫ్రేములు వరుస తప్పకుండుటకై ఒక సంభాషణ అంతా ఒకే కేబులులో సాగుతుంది. కావున రెండు గిగాబిట్ కేబుళ్ళు కట్టినా ఒక విద్యార్థి దించుకొనే ఒక ఫైలుకు ఒక గిగాబిటే గతి. నలభై మంది ఒకేసారి కూర్చున్నప్పుడే దీని లాభం. అప్పుడైనా, పంపిణీకి గమ్యపు మాక్ చిరునామాను మాత్రమే ఆధారం చేస్తే, అందరూ ఒకే రౌటరుకు పోతారు గనుక ఒక కేబులు కిక్కిరిసి, రెండవది ఖాళీగా ఉంటుంది. ఐపీ చిరునామాలను, పోర్టు సంఖ్యలను కూడా చేర్చుట మేలు.

కళాశాల కమిటీ వారు స్విచ్‌లు కొనేటప్పుడు ఎల్ఏసీపీ ఉన్నదా అని తప్పక విచారించవలెనని మా మనవి. చౌక స్విచ్‌లు పెక్కింటిలో అది ఉండదు. కొన్న తరువాత, ఫైలు నకలు అవుతూ ఉండగా ఒక కేబులు లాగి చూడవలెను. మేము రెండవసారి అమర్చి లాగినప్పుడు నకలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది.