బుల్లి పాముకు బువ్వ

రాలీ, నార్త్ కరోలినా

చిరంజీవి సౌమ్యకి,

తెలుగులోనే రాస్తున్నాను. ఎక్కడైనా అడ్డం పడితే అమ్మచేత చదివించుకో. మీ అమ్మకి పామంటే భయమని తెలుసు, అయినా ఈ ఉత్తరం వరకు చదివి పెడుతుందిలే.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పాముపిల్ల ముచ్చటగా ఉంది. వీపు మీద నారింజ మచ్చలు, వాటి చుట్టూ నల్లంచు, పొట్ట కింద గళ్ళు. ఆ గళ్ళు రంగురంగుల మొక్కజొన్న పొత్తులా ఉంటాయి కాబట్టే కార్న్ స్నేక్ అన్నారని కొందరంటారు. మొక్కజొన్న గాదెల్లో ఎలుకల కోసం తిరిగేది కాబట్టి ఆ పేరొచ్చిందని మరికొందరు. రెండోదే నాకు నచ్చుతుంది. ఇక్కడ మా వైపు అడవుల్లో, పాత కొట్టాల దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి. మన పొలాల్లో తిరిగే జెర్రిపోతు దీనికి దూరపు చుట్టం. రెండూ విషం లేనివే, రెండూ ఎలుకలు తిని రైతుకు మేలు చేసేవే.

ఇక నీ ప్రశ్న. విటమిన్ పొడి ఏది కొనమంటావు అని అడిగావు. ఏదీ వద్దమ్మా. తొమ్మిది గ్రాముల ఆ పిల్లకి ఇప్పుడు కావలసిన విటమిన్లన్నీ వారం వారం నువ్వు పెట్టే పింకీలోనే, అంటే అప్పుడే పుట్టిన చిట్టెలుక కూనలోనే ఉన్నాయి. ఎలా ఉన్నాయో చెప్తాను, ఆ తర్వాత నువ్వే ఆలోచించుకో.

మనం కోడిని వండుకుంటే కండ తింటాం, ఎముకలు పారేస్తాం, ఈకలు, పేగులు ముందే తీసేస్తాం. పాము అలా కాదు. తల నుంచి తోక దాకా మొత్తం మింగుతుంది. కాలేయంలో విటమిన్ ఏ ఉంటుంది, ఎముకల్లో కాల్షియం, భాస్వరం ఉంటాయి, కండలో మాంసకృత్తులు, చర్మం కింద కొవ్వు. విటమిన్ డి కూడా ఆ ఒంట్లోంచే వస్తుంది. పురుగులు తినే తొండజాతి జీవులకి కాల్షియం పొడి అద్ది పెట్టాలి, ఎందుకంటే మిడతలో, పురుగులో ఎముక ఉండదు. ఆ మాట విని పాములకీ అదే చేస్తుంటారు చాలామంది. పాము తిండి వేరు.

పింకీ ఎముకలు ఇంకా గట్టిపడలేదు కదా, కాల్షియం సరిపోతుందా అని నీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. పెద్ద చిట్టెలుకతో పోలిస్తే పింకీలో కాల్షియం తక్కువే. ఈసారి కరిగించాక దాన్ని వెలుతురులో పట్టుకుని చూడు. వెంట్రుకలు లేని ఆ పల్చటి గులాబీ చర్మం లోంచి ఎడమ పక్కన తెల్లగా ఒక పట్టీ కనిపిస్తుంది. అది తల్లి దగ్గర తాగిన పాలు. పొట్టలో అలాగే ఉంటాయి. ఆ పాలలో కాల్షియం ఉంది, అది కూడా నీ పాముకే పోతుంది. అందుకే పింకీలు కొనేటప్పుడు ఆ తెల్ల పట్టీ ఉన్నవి చూసి తీసుకో. నువ్వు చేయగల మంచి సప్లిమెంట్ అదే. పైగా ఈ పింకీల దశ కొన్ని నెలలే. తర్వాత ఎముక ముదిరిన ఎలుకలు వస్తాయి.

పొడి ఎక్కువైతే ఏం పోయింది అనుకోకు. సి విటమిన్ లాంటివి నీళ్ళలో కరిగి బయటికి పోతాయి. ఏ, డి అలా కాదు, కొవ్వులో కరిగి ఒంట్లో పేరుకుపోతాయి. డి3 మితిమీరితే కాల్షియం ఎముకల్ని వదిలి రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో చేరుతుంది. తొమ్మిది గ్రాముల ప్రాణికి చిటికెడు అంటే ఎంత పెద్ద మోతాదో ఒక్కసారి ఊహించు.

చిన్నప్పుడు నాగుల చవితికి మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, పుట్టలో పాలు పోసేది. నేను పక్కన చలిమిడి ముద్ద పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ భక్తి మీద నాకు గౌరవం ఉంది. అయితే పాలు పాము తిండి కాదు. మనం ఇష్టంగా ఇచ్చేది, దాని ఒంటికి పడేది ఒకటే అవ్వాలని లేదు. పొడి విషయంలో ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతీ చెప్పాలి నీకు.

నా మొదటి పిల్లని తెచ్చుకున్నప్పుడు దుకాణంలో వాళ్ళు పాముతో పాటు ఒక పొడి డబ్బా కూడా అమ్మారు. ప్రతి పింకీనీ అందులో దొర్లించి పెట్టేవాణ్ణి. తెల్లగా పిండి పూసినట్టున్న దాన్ని పిల్ల నాలుక ఆడించి వాసన చూసి వెనక్కి వెళ్ళిపోయేది. పాముకి వాసనే కళ్ళు. నేను ఆ వాసనని పాడుచేశాను. రెండు వారాలు తినలేదు. భయపడి మూడో వారం పొడి మానేసి రెండు పింకీలు ఒకేసారి పెట్టాను. ఆకలి మీద రెండూ మింగింది. సంతోషం పట్టలేక మర్నాడే చేతిలోకి తీసుకున్నాను. రాత్రికి కక్కేసింది. మూడు రోజులకే మళ్ళీ పెట్టాను, మళ్ళీ కక్కింది. వారం తిరక్కుండా పోయింది. తప్పు పూర్తిగా నాదే. ఇన్నేళ్ళయినా ఆ చిన్న డబ్బా, అందులో చుట్టుకుని పడుకున్న ఆ పిల్ల నాకు గుర్తే. నువ్వు ఆ దారిన పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కక్కడం చిన్న విషయం కాదు. కడుపులోని ఆమ్లం పైకి వచ్చి గొంతుని కాలుస్తుంది, అరిగించే రసాలు మళ్ళీ ఊరడానికి రోజులు పడతాయి. ఎప్పుడైనా అలా జరిగితే పది నుంచి పధ్నాలుగు రోజులు ఏమీ పెట్టకు, నీళ్ళు మాత్రం ఉంచు. తర్వాత మామూలు కంటే చిన్న పింకీ ఒక్కటి పెట్టు. రెండోసారి కక్కితే ఆలోచించకుండా సరీసృపాల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు.

పాముకి మనలా ఒంట్లో వేడి పుట్టదు. బయటి వేడితోనే తిండి అరుగుతుంది. పెట్టెలో ఒక వైపు 85 నుంచి 88 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, రెండో వైపు 75 దగ్గర. వెచ్చటి వైపు కింద హీట్ మ్యాట్ పెడితే దానికి థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే పొట్ట కాలుతుంది. వేడి లేని పెట్టెలో ఎంత మంచి పింకీ పెట్టినా కడుపులో అరగక కుళ్ళుతుంది. పొడి డబ్బా కొనాలనుకున్న డబ్బుతో ఒక మంచి థర్మామీటర్ కొను.

తిండి పెట్టే పద్ధతి నీకు తెలిసిందే అయినా ఒకసారి చెప్తాను. పింకీని ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టు, మూత బిగించిన వేరే డబ్బాలో, అన్నం కూరలకి దూరంగా. పెట్టేముందు జిప్ కవర్‌లో వేసి గోరువెచ్చటి నీళ్ళలో ఉంచు. నీ మణికట్టు మీద ఆనిస్తే వెచ్చగా తగలాలి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకు. లోపల ఉడికిపోతుంది, పొట్ట పగులుతుంది, అమ్మ నిన్ను ఇంట్లోంచి వెళ్ళగొడుతుంది. తర్వాత పట్టుకారుతో తల వైపు ముందుకొచ్చేలా అందించు. పాము నడుము మందం ఎంతో పింకీ మందం అంతే, మహా అయితే ఒకటిన్నర రెట్లు. ఇప్పుడు ఐదు నుంచి ఏడు రోజులకి ఒకటి చాలు. ఒళ్ళు పదిహేను గ్రాములు దాటాక రెండు, పాతిక దాటాక వెంట్రుకలు మొలిచే వయసు ఎలుకపిల్ల, దాన్నే ఫజీ అంటారు. మింగాక నలభై ఎనిమిది గంటలు ముట్టుకోకు. కళ్ళు నీలంగా మసకబారితే కుబుసం విడుస్తుందన్నమాట. అప్పుడు తినకపోయినా కంగారు పడకు.

ఏళ్ళ తరబడి ఫ్రీజర్‌లో పడి ఉన్న పింకీలు కొనకు. ఎక్కువ కాలం గడ్డకట్టి ఉంటే విటమిన్ ఇ లాంటివి తగ్గిపోతాయి. ఆరు నెలల్లో వాడేసేంత మాత్రమే తెచ్చుకో. ఇంకో మాట. 2008లో అమెరికా పశువైద్య పరిశోధకులు కార్న్ స్నేక్స్‌ని నాలుగు వారాలు అతినీలలోహిత కాంతి కింద ఉంచి చూస్తే, వాటి రక్తంలో విటమిన్ డి పెరిగింది. అంటే వెలుతురుతో తమంతట తామే కొంత తయారు చేసుకోగలవు. ఆ కాంతినిచ్చే దీపం లేకపోయినా తరాల తరబడి ఇవి ఆరోగ్యంగా పెరిగాయి కాబట్టి ఉండి తీరాలని చెప్పను. పెట్టదలిస్తే తక్కువ తీవ్రత ఉన్నది పెట్టి, దాక్కోవడానికి చీకటి గూడు ఉంచు. పొడి కంటే ఇది నయం. పాము తనకి కావలసినంత వెలుతురు తనే తీసుకుని పక్కకి తప్పుకోగలదు.

పొడి ఎప్పటికీ అవసరం రాదని కాదు. ముందు ముందు గుడ్లు పెట్టే ఆడపామైతే, జబ్బు పడి లేచిన పామైతే డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వాల్సి రావచ్చు. అది ఆ డాక్టర్ చూసి చెప్పాలి.

చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకు, పాముని ముట్టుకున్నాకా, పింకీని ముట్టుకున్నాకా. రెంటి మీదా సాల్మొనెల్లా ఉండొచ్చు. తమ్ముడికి ఇంకా నాలుగేళ్ళే, వాణ్ణి ఆ పెట్టె దగ్గరికి రానివ్వకు. విజయవాడలో ఉన్న అన్నయ్య తనూ చెరువు గట్టున ఒక పాముని పట్టి పెంచుకుంటానన్నాడట. వద్దని గట్టిగా చెప్పు. మన దేశపు పాముల్ని పట్టి ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇది పదిహేను, ఇరవై ఏళ్ళు బతికే ప్రాణి. నువ్వు కాలేజీకి వెళ్ళినా నీ వెంట వస్తుంది. వంటింట్లో వాడని ఒక గ్రాముల త్రాసు విడిగా కొనుక్కో, ఒక నోటుబుక్ పెట్టు. తేదీ, బరువు, ఏం తిన్నది, ఎప్పుడు విసర్జించింది, ఎప్పుడు కుబుసం విడిచింది, అన్నీ రాయి. ఈ ఆదివారం తిండి పెట్టేముందు తూచి, ఆ అంకె నాకు పంపు.

ప్రేమతో
మామయ్య