మనుమసిద్ధి సింహాసనం - తిక్కన రాయబారం

పెన్నానది ఒడ్డున వెలసిన నెల్లూరుకు పూర్వనామం విక్రమసింహపురి. 13వ శతాబ్దంలో ఈ నగరం రాజధానిగా తెలుగు చోడులు తూర్పుతీరాన్ని పాలించారు. తాము కరికాల చోళుని వంశీయులమని వారు చెప్పుకున్నారు. ఆ వంశగౌరవం వారికి కీర్తినిచ్చింది. అయితే, ఒకే వంశంలో పుట్టిన దాయాదులు ఒకే సింహాసనాన్ని కోరుకోవడం వల్ల అదే వారికి చిక్కులనూ తెచ్చిపెట్టింది.

తిక్కభూపాలుని అనంతరం ఆయన కుమారుడు మనుమసిద్ధి రాజైనాడు. కొంతకాలానికే అక్కన, బయ్యన అనే దాయాదులు ఆయనను పదవీచ్యుతుని చేసి రాజ్యాన్ని ఆక్రమించారని కాసె సర్వప్ప రచించిన 'సిద్ధేశ్వరచరిత్రము' తెలుపుతున్నది. ఇటువంటి కలహాలు మన దేశానికే పరిమితం కావు. ఇంగ్లండులో యార్క్ ప్రభువు రిచర్డు రాజవంశ సంబంధాన్ని చూపి సింహాసనం తనదని వాదించాడు. 1460లో యుద్ధభూమిలో ఆయన మరణించగా, మరుసటి సంవత్సరం ఆయన కుమారుడు నాలుగవ ఎడ్వర్డు రాజైనాడు. వారసత్వపు వాదాన్ని తుదకు తేల్చినది సైనికబలమే.

మనుమసిద్ధికి ఆ బలం లేదు. ఆయనకు మిగిలినది కవిగా, మంత్రిగా ఖ్యాతి వహించిన తిక్కన స్నేహం. రాజు తిక్కనను 'మామా' అని పిలిచేవాడు. ఆ పిలుపునకు తగినట్లు కావ్యకన్యను తనకిమ్మని చమత్కారంగా కోరి, 'నిర్వచనోత్తర రామాయణము'ను అంకితం పొందాడు. అటువంటి ఆత్మీయుని కోసం తిక్కన ఓరుగల్లుకు ప్రయాణమైనాడు.

అప్పటి కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు. రాజ్యం కోల్పోవడమంటే ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. తండ్రి మహాదేవుడు యాదవులతో యుద్ధంలో మరణించగా, ఆయన స్వయంగా శత్రువులకు బందీ అయినాడు. ఆ కష్టకాలంలో రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని కాపాడాడు. విడుదలైన గణపతిదేవుడు 1199లో పాలన చేపట్టాడు. 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయాన్ని నిర్మింపజేసినవాడు ఈ రుద్రుడే.

ఓరుగల్లు సభలో తిక్కన భారతకథను వినిపించి చక్రవర్తి మన్ననలు పొందాడని సిద్ధేశ్వరచరిత్రము చెబుతున్నది. భారతం దాయాదుల పోరే కదా! తన ప్రభువు గోడు వినిపించడానికి అంతకన్న తగిన కథ వేరొకటి లేదు. గణపతిదేవుని దయకు తోడు రాజనీతి కూడ పనిచేసి ఉండవచ్చు. దక్షిణపు సరిహద్దులో విశ్వాసపాత్రుడైన సామంతుడు ఉండడం కాకతీయులకు అవసరం. కాకతీయ సేన దక్షిణానికి కదిలింది. దాయాదులు ఓడిపోగా, మనుమసిద్ధి మరల సింహాసనమెక్కాడు.

ఆ విజయం కలకాలం నిలువలేదు. 1263 ప్రాంతంలో జటావర్మ సుందరపాండ్యుడు ఉత్తరానికి దండెత్తి వచ్చాడు. నెల్లూరు తీరానికి చేరువలోని ముత్తుకూరు యుద్ధంలో కాకతీయ పక్షం ఓడింది. మనుమసిద్ధి ఆ పోరులోనే నేలకొరిగాడని చరిత్రకారుల అభిప్రాయం. సుందరపాండ్యుడు నెల్లూరులో వీరాభిషేకం జరుపుకొన్నాడు. పరుల అండతో నిలిచిన సింహాసనం ఆ అండ సడలగానే కూలిపోయింది.

తిక్కన మాత్రం విరాటపర్వం మొదలుకొని 15 పర్వాల మహాభారతాన్ని తెనిగించాడు. దానిని ఏ రాజుకూ కాక హరిహరనాథునికి అంకితమిచ్చాడు. రాజ్యం పొందడం, పోగొట్టుకోవడం కళ్లారా చూసిన కవి చేతిలో దాయాదుల కథ తెలుగువారి సొత్తయింది.

అభ్యాసం

1. గణపతిదేవుడు మనుమసిద్ధికి సాయపడడానికి గల కారణాలను వివరించండి.
2. తిక్కనకు, మనుమసిద్ధికి గల అనుబంధాన్ని తెలపండి.
3. 'వారసత్వపు వాదాన్ని తుదకు తేల్చినది సైనికబలమే' - పాఠం ఆధారంగా సమర్థించండి.