తరగతి గదిలో పంతము - గురుధర్మము

అష్టావరణములలో మొదటివాడు గురువు. ఆ స్థానమునకు గౌరవము ప్రేమచే నిలుచును గాని పంతముచే నిలువదు. ఈ సత్యము తరగతి గదిలో ప్రతిదినము పరీక్షకు వచ్చుచుండును.

ఎనిమిదవ తరగతి బాలుడొకడు పుస్తకము తీయక కూర్చుండెననుకొందము. ఉపాధ్యాయుడు తీయుమనును; బాలుడు కదలడు. "తీసెదవా, బయటికి పోయెదవా?" అని ఉపాధ్యాయుడు గద్దించును. తరగతి యంతయు చూచుచుండును. ఇక లొంగినచో బాలుడు తోటివారిలో చిన్నబోవును. తగ్గినచో తన మాట చెల్లదని ఉపాధ్యాయుని భయము. పాఠము మరుగునపడి, గెలుపెవరిదన్న ప్రశ్నయే మిగులును. బాలుడు బయటికి పోయినచో ఆనాటి చదువు పోయినట్లే. ఆ అవమానము మనసున నాటుకొన్నచో మరునాడు బడికే రాకపోవచ్చును.

దీనికి ఉపాయము మొదటి మాటలోనే కలదు. దూరమునుండి కేక వేయక, బాలుని సమీపించి, ఇతరులకు వినబడనంత మెల్లగా చెప్పవలెను. "ప్రక్కవానితో కలిసి చదివెదవా, ఒంటరిగా చదివెదవా?" అని రెండు మార్గములు చూపవలెను. పిదప అచ్చటనే నిలువక పాఠము కొనసాగింపవలెను. ఎవరును తనను చూడని ఆ రెండు నిమిషములలో బాలుడు గౌరవభంగము లేకుండ పుస్తకము తీయగలడు. అప్పటికిని తీయనిచో, గంట కొట్టిన పిదప ఒంటరిగా పిలిచి కారణమడుగవలెను. ఆకలియో, చదువరాని సిగ్గో, ఇంటిలోని కలహమో బయటపడవచ్చును.

ఇది తప్పును ఉపేక్షించుట కాదు. బల్లపై సిరా ఒలికించినవాడే దానిని తుడువవలెను. చేసినదానిని చక్కదిద్దుట కాయకమునకు తగిన శిక్షణ. అందరియెదుట గుంజిళ్ళు తీయించుట కేవలము అవమానము.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందలి అనుభవమంటపమున అల్లమప్రభువు అక్కమహాదేవిని కఠినముగా ప్రశ్నించెననియు, ఆమె సమాధానములు విని ఆమె ఘనతను అంగీకరించెననియు శూన్యసంపాదనము తెలుపుచున్నది. అచ్చట ఓడినవారు లేరు; తత్త్వము తేటపడినది.

దీక్షాసమయమున గురువు ఇష్టలింగమును శిష్యుని అరచేతిలో నుంచును. అట్టి అరచేతిపై బెత్తము పడుట తగునా? లింగధారణ లేని బాలునియందును శివచైతన్యమే కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను దేహదండనను, మానసిక వేధింపును నిషేధించినది. శరణుల ధర్మమెరిగినవారికి చట్టము చెప్పకమున్నే ఇది తెలియవలెను.

గృహములందు తల్లిదండ్రులకును ఇదియే మార్గము. కోపమున మాట జారినచో మరునాడు బాలునితో "నేను తొందరపడితిని" అనుట గురువునకు లోటు కాదు. ఆ మాట వినిన బాలుడు తన తప్పును తానే ఒప్పుకొనుట నేర్చును.